కోటమ్మత్త ఎక్కని బండి

మొన్న మా తమ్ముడి కొడుకు కిషోర్ నరసరావుపేటలో మా వాకిట్లో బండి ఆపి హారన్ మీద హారన్ కొట్టాడు. గురజాల అవతల మా పుట్టింటి ఊళ్లో దగ్గరి చుట్టాల పెళ్లి, నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. కొత్త పికప్ కొన్నాడని విన్నాను గానీ చూడలేదు. బయటికొచ్చి చూద్దును గదా, నేలకీ బండికీ మధ్య ఓ మేక దూరిపోయేంత సందుంది. కొన్నప్పుడు వచ్చిన చక్రాలు శుభ్రంగా ఉండగానే పీకించి, ఎక్కడి నుంచో పెద్ద రిమ్ములు తెప్పించి, వాటికి నా నడుము దాకా వచ్చే టైర్లు బిగించాడంట. "ఏందిరా ఈ అవతారం?" అన్నాను. "లుక్కత్తా, లుక్కు!" అన్నాడు. సరే, లుక్కు సంగతి తర్వాత, ముందు ఎక్కాలిగా. కుచ్చిళ్లు పైకి పట్టుకుని కుడికాలు ఎత్తాను, అందలేదు. ఎడమకాలు ఎత్తాను, మోకాలు కటుక్కుమంది. ఎదురింటి ఆడవాళ్లు అరుగుమీద కూర్చుని చూస్తున్నారు. "ఆగత్తా, నిన్ను ఎక్కించాలంటే క్రేన్ పిలవాలి" అన్నాడు వాడు. ప్రేమగానే అన్నాడు, వాడికి నేనంటే ప్రాణం. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి వంటింట్లో స్టూలు తెచ్చి వేస్తే ఎక్కి కూర్చున్నాను. పిడుగురాళ్ల దాకా వాడితో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఏందత్తా, కోపమొచ్చిందా?" అని రెండుసార్లు అడిగాడు. నాకు కోపం వస్తే ఊరుకునే మనిషిని కాదు, అది వాడికీ తెలుసు. వాడి మీద కాదు నా కోపం. పిడుగురాళ్ల దగ్గరపడగానే సున్నపు బట్టీల పొగ, రోడ్డు పక్క చెట్ల మీద తెల్లగా పేరుకున్న దుమ్ము, వరసగా లారీలు, వాటి కోసం పుట్టిన టైర్ల కొట్లు కనపడ్డాయి. అక్కడే ఎక్కడో మస్తాన్ కొట్టు ఉండాలి. ఇప్పుడక్కడ ఏదో సెల్‌ఫోన్ల షాపుంది. నా పదిహేడో ఏట ఆ కొట్టు ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఇనప కుర్చీలో కూర్చున్నాను. మా నాన్న మా బండికి పెద్ద చక్రాలు వేయించింది అక్కడే.

మా బండిది ముందు జీపు మొహం, వెనక తొట్టి. దాన్నే పికప్ అనేవాళ్లం. మా ఇంట్లో తెల్లారడమంటే ఆ బండి తెల్లారడమే. నాన్న పళ్లు కూడా తోముకోకముందే పాత పంచె ముక్క తడిపి బానెట్టు తుడిచేవాడు, తర్వాత అద్దం, తర్వాత చక్రాల మధ్యలో గుబ్బలు. అప్పుడు వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగి చూసుకునేవాడు. "నా మొహం ఎప్పుడన్నా అంత పరీక్షగా చూశారా మీరు?" అనేది అమ్మ, పేడకళ్లాపి చల్లుతూ. "నువ్వేమన్నా స్టార్టవ్వనని మొరాయిస్తావా ఏందే?" అనేవాడు. మిరపకాయల కాలంలో ఆ తొట్టికి పట్టిన ఘాటు ఎన్ని నీళ్లు కొట్టినా పోయేది కాదు. దాంట్లో కూర్చుని దేనికి పోయినా, పెళ్లికైనా పరామర్శకైనా, తుమ్ముకుంటూ దిగేవాళ్లం. ఇప్పటికీ ఎక్కడన్నా డీజిలు వాసనా మిరప ఘాటూ కలిసి తగిలాయంటే నాకు అమ్మ కలిపే పెరుగన్నం గుర్తొస్తుంది, ఎందుకో మరి.

మా మిరపచేను వాగు అవతల. నల్లరేగడి. వానపడ్డ నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చెప్పుని వదలదు, కాలిని వదలదు. డొంకలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా గాళ్లు పడేవి, మధ్యలో మట్టి దిమ్మలా లేచేది. మా బండి చక్రాలు గాళ్లలో దిగితే పొట్ట దిమ్మ మీద ఆనేది. ఇంక చక్రాలు తిరగడమే గానీ బండి కదలదు. ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి మూడుసార్లు దిగబడ్డాం. మూడోసారి పైబజారు పెదనాన్న తన ట్రాక్టరుకి మోకు కట్టి లాగించాడు. ఆయన నాన్నకి పెదనాన్న కొడుకే, కానీ ఊళ్లో ఆయనది ఒక పార్టీ, మాది ఒకటి. ఊరకే లాగితే సరిపోయేది. చుట్టూ పదిమంది ఉండగా, "నీది బండి కాదురా తమ్ముడూ, గేదె. బురద కనపడితే చాలు పడుకుంటది" అన్నాడు. నాన్న ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రమూ తినలేదు. మా వైపు మగవాళ్లకి బురదలో దిగబడితే ఫర్వాలేదు గానీ, లాగినవాడు ఎదటి పార్టీ వాడైతే మాత్రం అన్నం సయించదు.

అప్పుడు నేను నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను, సెలవలకి వచ్చి ఉన్నాను. "పద్దమ్మా, వస్తావా పిడుగురాళ్లకి?" అని నాన్న అడిగితే ఎగిరి గంతేసి బండెక్కాను. మస్తాన్ నాన్నకి పాత స్నేహితుడు, పొట్టి మనిషి, చేతులు మాత్రం లారీ నట్లు ఉత్తచేత్తో తిప్పేట్టుండేవి. నాన్న చెప్పిందంతా విన్నాడు. బండి కిందికి వంగి చూశాడు. "అన్నా, పాత మిలిటరీ బండి రిమ్ములున్నయి, గడ్డలు గడ్డలుగా పట్టున్న టైర్లూ ఉన్నయి. వేస్తా. వేస్తే మాత్రం బండి ఎత్తెక్కుద్ది. గేరు లాగదు, బ్రేకు నిదానంగా పడుద్ది. మీటర్ అరవై చూపిస్తే అరవై అనుకోమాక, ఇంకా ఎక్కువే పోతుంటావు" అన్నాడు. "అవన్నీ నేను చూసుకుంటాలే" అన్నాడు నాన్న. "ఇంకోటన్నా. బురద నెలరోజులుంటది. ఎక్కడం దిగడం రోజూ ఉంటది. ఆలోచించు." నాన్న ఆలోచించలేదు. "నా బండి ఎక్కేవాళ్లలో కుంటోళ్లెవరూ లేరులే, కానియ్" అన్నాడు.

నాలుగు వైపులా జాకీలు పెట్టి లేపారు. పాత చక్రాలు ఊడదీసి గోడకి ఆనిస్తే, నిన్నటిదాకా పెద్దవిగా కనపడ్డవి కాస్తా చిన్నబోయాయి. సబ్బునీళ్లు రాసి, ఇనప పట్టాలతో అమర్చి, కొత్త టైర్లు రిమ్ముల మీదికి ఎక్కించారు. గాలి పడుతుంటే టైరు అంచు రిమ్ములో కూర్చునేటప్పుడు ఠప్పుమని మోగింది, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అన్నీ బిగించి స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు మడ్‌గార్డుకి రాసుకుంది. మస్తాన్ సుత్తితో అంచు లోపలికి కొట్టాడు. అయినా రాసుకుంది. "ఇంక కింద స్ప్రింగు కమాన్లలో పట్టీలు వేసి బాడీనే లేపాలన్నా" అన్నాడు. లేపమన్నాడు నాన్న. అంతా అయ్యేసరికి బండి జానెడెత్తు పెరిగింది. జానెడే కదా అనిపిస్తుంది. నాన్నకి కూడా అలాగే అనిపించింది.

ఊళ్లోకి వస్తూ పైబజారు మీదుగా తిప్పాడు, మా ఇంటికి అది దారి కాకపోయినా. పెదనాన్న అరుగుమీద పేపరు చదువుతున్నాడు. నాన్న హారన్ కొట్టలేదు, అటు చూడలేదు, రెండో గేర్లో నిదానంగా పోనిచ్చాడు. ఇంటికొచ్చి అమ్మని పిలిచి చూపించాడు. అమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ చూసి, "బాగానే ఉంది గానీ నేనెట్టా ఎక్కాలండీ?" అంది. మర్నాడు వాగు దాటించాడు. డొంకలో గాళ్లూ దిమ్మా ఏవీ లెక్కలేనట్టు పోయింది బండి. నాన్న చేలోకి దిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, నాకు మా నాన్నంత మగాడు లేడనిపించింది.

ఇప్పుడు కోటమ్మత్త సంగతి చెప్పాలి. వరసకి అత్త కాదు, నాన్న ఆమెని "కోటమ్మక్కా" అనేవాడు గనక నాకు అత్త. మిరపకాయలు కోసే ముఠాకి ఆమె పెద్ద. పాతికమంది ఆడవాళ్లు ఆమె మాట మీద నడిచేవాళ్లు. ఎవరి చేను ముందు కొయ్యాలో, ఎవరి సాలులో ఎవరు నిలబడాలో, మధ్యాహ్నం సద్దికి ఎప్పుడు లేవాలో అన్నీ ఆమే. నాన్న నిక్కర్లేసుకు తిరిగే రోజుల నుంచీ మా చేలో చేస్తోంది, అందుకే ఏ ఏడైనా మా చేనుకే ముందు వచ్చేది. ముఠాకి ఒక పద్ధతుంది. బండి కాడ పెద్ద నిలబడి అందర్నీ లెక్కపెట్టి ఎక్కించి, ఆఖరున తాను ఎక్కాలి. చేను కాడ ముందు తాను దిగాలి. ఎవరు లెక్కపెట్టి ఎక్కిస్తే వాళ్లే పెద్ద. రేపు ఆ మనిషి బండెక్కలేకపోతే పెద్దరికం ఇంకొకళ్లకి పోతుంది, దానికి పంచాయితీలు ఉండవు. కోటమ్మత్తకి అప్పటికే యాభై దాటాయి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ పెద్దరికమే ఆమెకున్న ఆస్తి.

రెండో కోత మొదలుపెట్టే రోజు, సెలవలు గదా అని నేనూ చేనుకి బయలుదేరి ముందే తొట్టిలో ఎక్కి కూర్చున్నాను. నాన్న స్టీరింగు ముందు. వయసు పిల్లలు బంపరు మీద కాలేసి, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని, "అమ్మో, ఇదేం బండే, తాటిచెట్టులా" అని కేకలేస్తూ ఎక్కారు. పెద్దవాళ్లని కింద నుంచి తోశారు, పైనుంచి లాగారు. అందరూ ఎక్కాక కోటమ్మత్త మిగిలింది. సద్ది క్యారేజీ నాకందించి, తొట్టి అంచు పట్టుకుని కాలెత్తింది. అందలేదు. చీర కొంచెం పైకి దోపుకుని మళ్లీ ఎత్తింది. పాదం బంపరుకి తగిలి జారింది. ఆమె మొహంలో ఏదో మారింది, నేను చూశాను. ముఠా అంతా పైనుంచి చూస్తోంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆ మాట్లాడకపోవడం భరించలేక అన్నానో, పదిమందిలో తెలివిగా కనపడాలని అన్నానో, ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు.

"ఏమే, అట్టా చూస్తారేందే! మిరపబస్తా ఎత్తినట్టు తలా ఒక చెయ్యెయ్యండి, తొక్కి నింపిన బస్తా, క్వింటా పైనే ఉంటది!"

భళ్లున నవ్వారు అందరూ. నవ్వుతూనే ఇద్దరు పిల్లలు వంగి ఆమె చంకల కింద చేతులేసి పట్టుకున్నారు. కోటమ్మత్త వాళ్ల చేతులు విడిపించుకుంది. దోపిన చీర కిందికి దించుకుంది. తలెత్తి నన్ను చూసింది, తిట్టలేదు. "మీరు పోండి, నేను వెనకాల నడిచొస్తా" అంది. ఇంజను చప్పుడులో నాన్నకి ఇదేదీ వినపడలేదు. బండి కదిలింది. ఆమె నడిచి రాలేదు. ఆమె క్యారేజీ సాయంత్రం దాకా నా పక్కనే ఉంది.

మర్నాడు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. నేనన్న మాట మాత్రం ముఠాలో ఎవరూ మా ఇంట్లో చెప్పలేదు. ఆ మర్నాడు బండి కాడ సుబ్బులని ఒక వయసుపిల్ల లెక్కపెట్టింది. మూడోరోజు ముఠా అసలు రాలేదు. పైబజారు పెదనాన్న చేను ఊరికి ఆనుకునే ఉంటుంది, బండెక్కే పని లేదు, అటు పోయారు. మా చేలో కాయ పండి ఎర్రగా వేలాడుతోంది, ఆకాశం చూస్తే మబ్బు. బండెక్కడానికి పీట వేసుకొస్తానని నాన్న కోటమ్మత్తకి అమ్మతో కబురంపాడు. "పీటేసుకుని ఎక్కే పెద్దరికం నాకెందుకులేమ్మా" అని పంపించేసింది కోటమ్మత్త. ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ, ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి, చెప్పేసింది. "ఆడాళ్లు ఎక్కలేని బండి మనకెందుకండీ? మీ పంతానికి ఆ మనిషి పరువు తీశారు. ఆ చక్రాలు పీకేయండి." నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు అక్కడే ఉన్నావుగా, పద్దమ్మా. చక్రాల వల్లేనంటావా?" అని అడిగాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా ఇంట్లో రోజుకి నాలుగుసార్లు అనేవాళ్లు. రోజూ వినే మాట ఎవరి చెవికెక్కింది గనక! నేను తలొంచుకుని, "చక్రాల వల్లే నాన్నా" అన్నాను.

రెండు రోజులు బండి బయటికి తియ్యలేదు ఆయన. మూడోరోజు పొద్దున్నే నన్ను కూడా రమ్మని పిడుగురాళ్ల తీసుకుపోయాడు. మస్తాన్ కమాన్లలో వేసిన పట్టీలు తీసి, పాత చక్రాలు బిగించాడు. సుత్తితో కొట్టిన మడ్‌గార్డు మాత్రం సొట్టలతో అలాగే ఉండిపోయింది. తిరిగి వస్తూ నాన్న మళ్లీ పైబజారు మీదుగానే వచ్చాడు. కావాలనే వచ్చాడు, అది నాకు చానా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. పెదనాన్న అరుగుమీద నుంచి, "ఏరా తమ్ముడూ, గేదె మళ్లీ కిందికి దిగిందే!" అన్నాడు. నాన్న బండి ఆపి, "దిగింది అన్నా" అన్నాడు. అంతే అన్నాడు. మా నాన్న ఆయనకి అలా జవాబు చెప్పడం నేను చూసింది అదొక్కసారే.

అట్నుంచి అటే కోటమ్మత్త ఇంటికి. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నాన్న చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. వెనకాలే నేను. "కోటమ్మక్కా, బండి దించాను. నువ్వే చూసుకో. పంతానికి పోయి నీ మోకాళ్ల సంగతి ఆలోచించలా. తప్పు నాది" అన్నాడు. కోటమ్మత్త ఆయన్ని చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా నన్ను చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. కళ్లతోనే వద్దని వేడుకున్నాను, సిగ్గులేకుండా. ఆమె చూపు తిప్పుకుని, "నీ తప్పేం లేదబ్బాయా. నాకే ఇంక చాలనిపించింది. రేపు ముఠాని పంపిస్తాలే, సుబ్బులు చూసుకుంటది" అంది. నాన్న నమ్మలేదు. ఎంతో బతిమాలాడు. ఆమె లేచి లోపల్నుంచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చి, "కాలేజీకి ఎప్పుడు పోతన్నావమ్మాయ్? బాగా చదువుకో" అంది. అన్నట్టుగానే మర్నాడు ముఠా వచ్చింది, కాయ దక్కింది. కోటమ్మత్త మాత్రం ఇంక ఎప్పుడూ ఏ బండీ ఎక్కలేదు, ఏ ముఠానీ లెక్కపెట్టలేదు.

కిషోర్‌కి ఇదంతా చెప్పలేదు. చెప్పినా వాడికి అర్థమవుతుందో లేదో. ఇప్పుడు మా చేలకి కోతకొచ్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆటోల్లో వస్తారు, ఫోన్లో మాట్లాడుకుంటారు. వాళ్ల పేర్లు మావాళ్లకి తెలియవు, మావాళ్ల పేర్లు వాళ్లకి అక్కర్లేదు. అప్పుడంతా బంగారమని నేను అనను. అప్పుడూ పంతాలున్నాయి, పార్టీలున్నాయి, నాలాంటి నోటిదురుసు పిల్లలున్నారు. కానీ ఒక మనిషి రాలేదని చక్రాలు పీకించి, చెప్పులు విడిచి ఆ మనిషి వాకిట్లో నిలబడిన మా నాన్న లాంటివాళ్లని ఇప్పుడు వెతకాల్సిందే. నేనైతే అలా ఎవరి వాకిట్లోనూ నిలబడలేదు. సెలవలకి వచ్చినప్పుడల్లా కోటమ్మత్త ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి పోయేదాన్ని. పెళ్లయి వచ్చేశాక ఆ బాధ కూడా లేకుండా పోయింది. ఆమె పోయినప్పుడు నాన్న పొద్దున్నుంచీ పాడె లేచేదాకా ఆ వాకిట్లోనే కూర్చున్నాడని అమ్మ చెప్పింది. నాకు కబురు అందింది. నేను పోలేదు.

తర్వాత ఎవరన్నా పంతానికి పోతే నాన్న ఈ కథే చెప్పేవాడు. "జానెడెత్తు కోసం కోటమ్మక్కని పోగొట్టుకున్నాన్రా" అనేవాడు. మా తమ్ముడికి చెప్పాడు, మా ఆయనకి చెప్పాడు, మా పిల్లలకీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా నేను అక్కడే ఉండేదాన్ని. చివరి రోజుల్లో నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉన్నాడు, మంచం దిగలేని స్థితి. ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి, "పద్దమ్మా, కోటమ్మక్క నన్ను మన్నించి ఉంటదంటావా?" అని అడిగాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఇల్లంతా నిద్రపోతోంది. చెప్పాలంటే ఒక్క మాట చాలు, ఎవరూ అడ్డం లేరు.

"మన్నించే ఉంటది నాన్నా" అన్నాను.